రెప్ప వాపుకి పెరాక్సైడ్ సొల్యూషన్: మూడేళ్లు వాడాక

ముందే తేల్చి చెప్తా. నెలవారీ కాంటాక్ట్ లెన్సులు వదలలేని వాళ్లకి, వాటిని రాత్రిపూట నానబెట్టి శుభ్రం చేసే 3% హైడ్రోజన్ పెరాక్సైడ్ సొల్యూషన్ మంచి సరుకే. కానీ అది పైరెప్ప వాపుకి మందు కాదు. ఈ తేడా తెలియక చాలామంది సీసా కొంటారు, లెన్సులు మాత్రం ఒక్కరోజు కూడా మానరు, నెల తిరిగేసరికి ‘పనిచేయలేదు’ అని పక్కన పడేస్తారు.

అసలు వాపు ఎందుకొస్తుంది? కన్నీళ్లలోని ప్రోటీన్ లెన్సు మీద పొరలా పేరుకుంటుంది. రోజుకి కొన్ని వేలసార్లు రెప్ప ఆ పొర మీదే జారుతుంది. ఆ రాపిడికి తోడు, పేరుకున్న పొర మీద ఒంటికి అలర్జీ మొదలవుతుంది. దాంతో పైరెప్ప లోపలి వైపు బొడిపెలు లేస్తాయి. డాక్టర్లు దీన్ని జెయింట్ పాపిల్లరీ కంజంక్టివైటిస్, పొట్టిగా జీపీసీ అంటారు. లెన్సు తీశాక దురద పెరగడం, పొద్దున్నే కంటి మూలలో తీగలా సాగే పుసి, రెప్ప కొట్టినప్పుడల్లా లెన్సు పైకి జరిగిపోవడం, సాయంత్రానికి మసక, రెప్ప బరువెక్కి కొంచెం వాలడం, ఇవీ గుర్తులు. అద్దంలో చూస్తే కన్ను మామూలుగానే కనిపించొచ్చు, ఎందుకంటే గొడవంతా రెప్ప వెనక ఉంది. డాక్టరు రెప్ప తిరగేసి స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చూపే లైటున్న మైక్రోస్కోప్) కింద చూస్తేగానీ తేలదు. రెప్ప తిరగేయకుండానే చుక్కలు రాసిచ్చారంటే, తిరగేసి చూడమని అడగండి.

అందుకే మొదటి మెట్టు సీసా కాదు, కళ్లజోడు. డాక్టర్లు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు లెన్సులు మానమంటారు. ఇక్కడే అందరూ తొందరపడేది. దురద కొద్దిరోజుల్లోనే పోతుంది, బొడిపెలు మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. దురద లేదు కదా అని లెన్సు పెడితే పది రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పాత లెన్సులు, పాత కేసు రెండూ పారేయాలి. పొర పట్టిన లెన్సుని ఎందులో నానబెట్టినా కొత్తది కాదు.

ఇక సీసా సంగతి. లెన్సులు కడగడానికీ నానబెట్టడానికీ ఒకటే వాడే మామూలు మల్టీపర్పస్ సొల్యూషన్లో ప్రిజర్వేటివ్ (క్రిములు పెరగకుండా కలిపే రసాయనం) ఉంటుంది, కొందరికి అదే పడదు. పెరాక్సైడ్‌లో ఆ బెడద లేదు. దీంతో వచ్చే కేసు అడుగున ప్లాటినం పూత పూసిన బిళ్ల ఉంటుంది, అది పెరాక్సైడ్‌ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. బుస్సుమని బుడగలొచ్చేది అందుకే. పొద్దున కేసులో మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే.

వాడే తీరు: చేతులు సబ్బుతో కడిగి, నూలుపోగులు అంటని గుడ్డతో తుడుచుకోండి. లెన్సుని అరచేతిలో పెట్టి సెలైన్‌తోనో మల్టీపర్పస్‌తోనో వేలితో రెండువైపులా మెల్లగా రుద్దండి. ఇది పెరాక్సైడ్‌తో చేసే పని కాదు. రుద్దనవసరం లేదని సీసా మీద రాసున్నా, జీపీసీ ఉన్నవాళ్లు రుద్దడమే మేలు, పొర వదిలేది అక్కడే. తర్వాత లెన్సుల్ని కేసు మూతకున్న చిన్న బుట్టల్లో పెట్టి సొల్యూషన్‌తో కడిగి, కేసులో గీత వరకు, సుమారు 10 మిల్లీలీటర్లు పోసి మూత బిగించండి. కేసు నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే మూతలోని సన్నటి రంధ్రం నుంచి కారుతుంది. కనీసం 6 గంటలు తాకొద్దు. 360 మిల్లీలీటర్ల సీసా నెల రోజులకి సరిపోతుంది. కొత్త సీసాతో వచ్చే కొత్త కేసే వాడాలి, పాత బిళ్ల నీరసించి పెరాక్సైడ్‌ని పూర్తిగా విడగొట్టదు. పొద్దున లెన్సు పెట్టగానే మంటపుడుతోందంటే మొదట అనుమానించాల్సింది ఆ బిళ్లనే.

ఇందులో ఉన్న పెద్ద ప్రమాదం మతిమరుపు. నిద్రమత్తులో సెలైన్ అనుకుని ఎర్రమూత ఉన్న ఈ పెరాక్సైడ్ సీసాతోనే లెన్సు కడిగి పెట్టుకుంటే కంట్లో కారం పడ్డట్టే ఉంటుంది. వెంటనే లెన్సు తీసేసి, శుభ్రమైన నీళ్లతో గానీ సెలైన్‌తో గానీ చాలాసేపు కడిగి, మంట తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మామూలు రెండు గుంతల కేసులో దీన్ని పోయకూడదు, బిళ్ల లేకపోతే పెరాక్సైడ్ పెరాక్సైడ్‌గానే ఉండిపోతుంది. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ అసలు వేరే సరుకు. ఇంకో లోపం: ఒకసారి విడిపోయాక ఆ నీళ్లలో క్రిముల్ని ఆపే శక్తి ఉండదు. వారం దాటి అలాగే ఉన్న లెన్సుల్ని మళ్లీ కొత్త సొల్యూషన్‌లో 6 గంటలు ఉంచాకే పెట్టుకోవాలి.

చుక్కల విషయం. అలర్జీ తగ్గించే ఓలోపటడిన్ 0.1% చుక్కలు రోజుకి రెండుసార్లు సాధారణంగా రాస్తారు. దురదకి బాగా పనిచేస్తుంది. లెన్సు కంట్లో ఉండగా వేయకూడదు, వేశాక కనీసం 10 నిమిషాలు ఆగాలి, అందులోని ప్రిజర్వేటివ్ లెన్సులోకి ఇంకుతుంది. మన ఊళ్లలో ‘కన్ను ఎర్రబడింది’ అనగానే కౌంటరు మీద స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఇచ్చేస్తారు. రెండ్రోజుల్లో హాయిగా ఉంటుంది నిజమే, కానీ నెలల తరబడి వేస్తే కంటి ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం రావచ్చు. డాక్టరు రాసినన్ని రోజులే.

రెప్ప వాపులన్నీ జీపీసీ కావు. అంచున నొప్పితో గడ్డ లేస్తే కంటికురుపు. వెంట్రుకల మొదట్లో పొట్టు రాలుతుంటే బ్లెఫరైటిస్ (రెప్ప అంచుల వాపు), దానికి గోరువెచ్చని కాపడం పెట్టి అంచులు తుడవాలి. ఒక్క కన్నే, అదీ ఎన్నాళ్లకీ తగ్గకుండా వాచి ఉంటే లోపల లెన్సు ముక్క ఉందేమో వెతకమనాలి. పద్నాలుగో ఏట పోయిందనుకున్న గట్టి లెన్సు, 28 ఏళ్ల తర్వాత పైరెప్పలోని గడ్డలో దొరికిన బ్రిటన్ మహిళ కేసు 2018లో వైద్య పత్రికలో వచ్చింది. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ ఉంటే అది ఆరోజే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పని.

నిజానికి జీపీసీ వచ్చిన చాలామందికి రోజువారీ లెన్సులే మేలు. రాత్రికి పారేస్తే పొర పేరుకునే వ్యవధే ఉండదు, సొల్యూషన్ ఖర్చూ మిగులుతుంది. పెరాక్సైడ్ సీసా నిజంగా అక్కరకొచ్చేది కెరటోకోనస్‌తో (నల్లగుడ్డు మీది పొర పల్చబడి శంకువులా ఉబికే జబ్బు) గట్టి లెన్సులు తప్పనివాళ్లకి. వాళ్లలోనూ స్క్లెరల్ లెన్సులవాళ్లు (తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద గట్టి లెన్సులు వాడేవాళ్లు) ఒకటి చూసుకోవాలి: అంత పెద్ద లెన్సు మామూలు బుట్టలో పట్టదు. పెద్ద కేసు విడిగా కొనాలి, కొనేముందు అందులో బిళ్ల ఉందో లేదో మూత తీసి చూడండి.