బ్యాటరీ టెండర్ జూనియర్: చలికాలం మూలన పెట్టే బండికి కొనాల్సిందేనా?

మిషిగన్, మినెసోటా వైపు నవంబరు వచ్చిందంటే బైకు సీజను అయిపోయినట్టే. మంచు కరిగి, రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకు కడుక్కుపోయేదాకా బండి గరాజ్‌లోనే. ఆ నాలుగైదు నెలల్లో ముందు దెబ్బతినేది బ్యాటరీ. దానికోసం అడిగితే అక్కడి రైడర్లలో చాలామంది చెప్పే పేరు డెల్ట్రాన్ కంపెనీ బ్యాటరీ టెండర్ జూనియర్. 12 వోల్టులు, 0.75 ఆంపియర్లు, అరచేతిలో ఇమిడే చార్జరు డబ్బా.

తాళం తీసేసినా గడియారం, అలారం లాంటివి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. వోల్టేజీ 12.4 కిందికి దిగి అలాగే వారాలపాటు ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా పాత బలం రాదు. చలి దేశాల్లో ఇంకో ప్రమాదం: నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ మైనస్ 40లో కూడా గడ్డకట్టదు కానీ, పూర్తిగా దిగిపోయినది సున్నాకి కొన్ని డిగ్రీలు తగ్గగానే గడ్డకట్టి పగులుతుంది.

పాత రకం ట్రికిల్ చార్జరు, అంటే కొద్దికొద్దిగా కరెంటు ఎక్కిస్తూనే ఉండేది, బ్యాటరీ నిండాక కూడా ఆగదు, లోపలి నీళ్లు ఇంకిపోతాయి. జూనియర్ సుమారు 14.4 వోల్టుల దాకా ఎక్కించి, నిండగానే 13.2 దగ్గరికి దిగి అక్కడే పట్టి ఉంచుతుంది. అందుకే నెలలపాటు తగిలించి ఉంచినా భయం లేదు.

డబ్బాలో వచ్చే క్లిప్పులకన్నా విలువైనది, బ్యాటరీకి బిగించి అలాగే ఉంచేసే రింగుల తీగ. సీటు తీసి, ముందు మైనస్ విప్పండి. ఫ్యూజు ఉన్న ఎర్ర తీగ రింగుని ప్లస్‌కి బిగించి, ఆఖర్న రెండో రింగుతో కలిపి మైనస్ బిగించాలి. చాలా బైకు బ్యాటరీల్లో నట్టు టెర్మినల్ లోపల వదులుగా ఉంటుంది, రింగు కూడా చేరాక బోల్టు అందక కిందికి జారిపోతుంది. నట్టు కింద చిన్న రబ్బరు ముక్క దూర్చితే పైకి లేచి నిలబడుతుంది, పని రెండు నిమిషాల్లో అవుతుంది. తీగ రెండో కొస సీటు పక్కకి తెచ్చి, హ్యాండిల్ తిప్పినా నలగని చోట, సైలెన్సరుకి దూరంగా కట్టండి. వాడనప్పుడు దాని మూత పెట్టే ఉంచాలి.

ఎర్ర లైటు నిలకడగా ఉంటే చార్జ్ అవుతున్నట్టు, పచ్చ మెరుస్తుంటే 80 శాతం దాటినట్టు, పచ్చ నిలిస్తే నిండినట్టు. ఎర్రది మెరుస్తూనే ఉంటే తీగలు సరిగా తగల్లేదనో, బ్యాటరీ మరీ దిగిపోయిందనో అనుమానించాలి. సగం దిగిన 12 ఆంపియర్-అవర్ బ్యాటరీకి తక్కువలో తక్కువ 8 గంటలు పడుతుంది. పచ్చ లైటు వచ్చింది కదా అని బ్యాటరీ బాగుందని నమ్మొద్దు. తీగ తీసేసి 12 గంటలాగి మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి. 12.6 కన్నా తక్కువ చూపిస్తే దాని ఆయుష్షు దగ్గరపడినట్టే. ఇది ఉన్నదాన్ని కాపాడుతుంది, చచ్చినదాన్ని బతికించదు.

ఇది కొంటే ఒక చెడ్డ అలవాటు కూడా పోతుంది. బ్యాటరీ కోసమని నెలకోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు వదిలేస్తారు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, తేమ ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ మిగిలి తుప్పుకి దారి తీస్తుంది. మూలన పెట్టేముందే ఆయిల్ మార్చి, ఇక ముట్టుకోకపోవడమే మేలు.

నిలవున్న పెట్రోలు పాడవకుండా చూడటం దీని చేతిలో లేదు, దానికి స్టాబిల్ లాంటి మందు వేరే కొనాలి. ఎర్ర సీసా స్టాబిల్ అయితే రెండున్నర గ్యాలన్లకు ఒక ఔన్సు, అంటే 30 మిల్లీలీటర్లు. మందు ముందు పోసి, ఆపైన ట్యాంకు దాదాపు నిండా కొట్టించి, ఇంజన్ ఓ పది నిమిషాలు తిప్పితేనే అది కార్బ్యురేటర్, ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. పాతబడిన పెట్రోల్లో పోస్తే డబ్బు దండగ.

బండి పెట్టిన చోట ప్లగ్గు లేకపోతే బ్యాటరీ ఊడదీసి ఇంటికి తెచ్చుకుని, నెలకో రాత్రి క్లిప్పులతో పెడితే చాలు. లిథియం బ్యాటరీ అయితే మామూలు జూనియర్ వద్దు, దానికి వేరే మోడల్ ఉంది. ఇండియాకి తెచ్చుకునేవాళ్లు డబ్బా మీద ఇన్‌పుట్ చూడండి. 120 వోల్టులు మాత్రమే అని ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకూడదు.