మింటెడ్: కోడు ముక్క కోయడంలో దిట్ట, కోసిన చోటు చూపడంలో మందకొడి

పాలిటెక్నిక్ ల్యాబ్ మాన్యువల్‌లో ప్రోగ్రాం మొత్తం అచ్చువేస్తే చదివే నాథుడు ఉండడు. చెప్పదలచిన నాలుగు వరుసలే వేసి, మిగతా చోట చుక్కలు పెడతాం. పుస్తకాలు, పత్రాలు అచ్చుకు పేర్చే లాటెక్‌లో ఈ పనికి నేను వాడేది మింటెడ్ ప్యాకేజీ. కోడులోని మాటలకు రంగులద్దే పనిని ఇది పైథాన్‌లో రాసిన పిగ్మెంట్స్ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. షెల్ ఎస్కేప్ (లాటెక్ బయటి ప్రోగ్రాములను నడిపేందుకు ఇచ్చే అనుమతి) ఆన్ చేయాల్సిన పాత బెడద, 2024లో వచ్చిన మూడో వెర్షన్‌తో కొత్త టెక్ లైవ్‌లో (లాటెక్ సరంజామా అంతా కలిపి ఇచ్చే కట్టలో) తీరిపోయింది.

నాకు బాగా నచ్చింది కోత. నడిచే ఫైలు నుంచే ముక్క తీసుకోవచ్చు. వరుస సంఖ్యలు ఇస్తే, రేపు పైన ఒక ఇంపోర్ట్ వరుస చేర్చగానే ఆ సంఖ్యలన్నీ తప్పిపోతాయి. మూడో వెర్షన్‌లో రేంజ్‌స్టార్ట్‌స్ట్రింగ్, రేంజ్‌స్టాప్‌స్ట్రింగ్ అనే ఆప్షన్లున్నాయి. ఫలానా మాట నుంచి ఫలానా మాట దాకా అని చెబితే చాలు. ఫంక్షన్ లోపలి వరుసలు ఎనిమిది ఖాళీల అవతల వేలాడుతుంటే ఆటోగాబుల్ వాటిని ఎడమకు లాగుతుంది.

పిగ్మెంట్స్ కోడును కంపైల్ చేయదు కాబట్టి, మూసే బ్రాకెట్టు లేని జావా ముక్క కూడా చక్కగా దిగుతుంది. పీహెచ్‌పీ ముక్కకు మాత్రం ప్రారంభపు ట్యాగు లేకపోతే స్టార్ట్‌ఇన్‌లైన్ ఆప్షన్ పెట్టాలి, లేదంటే రంగులు పడవు.

చిక్కంతా చుక్కలతోనే. డేటా రాసుకునే జేసన్ ఫార్మాట్‌లో వాటికి చోటు లేదు. డిఫాల్ట్ శైలిలో వాటి చుట్టూ ఎర్ర పెట్టెలు వచ్చి కూర్చుంటాయి. ‘ఇక్కడ తప్పుందా సార్?’ అని పిల్లలు అడగక ఏం చేస్తారు! ఇగ్నోర్‌లెక్సర్‌ఎర్రర్స్ పెడితే పెట్టెలు పోతాయి. కానీ దాన్ని పుస్తకమంతటికీ పెట్టను, నిజమైన అచ్చుతప్పులను పట్టించేవీ ఆ పెట్టెలే మరి. పైథాన్ 3లో దీనికి తలకిందులు: అక్కడ మూడు చుక్కలు చెల్లుబాటయ్యే కోడు. విద్యార్థి వాటిని అలాగే టైపు చేస్తే ఎర్రరూ రాదు, పనీ జరగదు. అందుకే పైథాన్ ముక్కల్లో చుక్కలు మాని, ‘# మిగతా వరుసలు వదిలేశాం’ అని తెలుగు కామెంటు రాస్తున్నాను. లాటెక్‌లో యూనికోడ్ తెలిసిన రకమైన లువాలాటెక్‌లో, తెలుగు అక్షరాలున్న ఫాంటును హార్ఫ్‌బజ్ రెండరర్‌తో ఇస్తే అది శుభ్రంగా వస్తుంది. కోడు అచ్చువేసే మరో లాటెక్ ప్యాకేజీ లిస్టింగ్స్‌తో ఆ భాగ్యం లేదు.

ఖర్చు లేదు. పత్రంలో రెండు మూడు ఇంగ్లిషు ముక్కలే ఉంటే లిస్టింగ్స్‌తో సరిపెట్టుకోవచ్చు. మాన్యువల్ స్థాయి పనికైతే నా ఓటు మింటెడ్‌కే, అయిదుకు నాలుగు. ‘ఇక్కడ కొంత వదిలేశాం’ అని అన్ని భాషల్లోనూ ఒకేలా చూపే గుర్తు ఇచ్చిన రోజున అయిదోదీ ఇస్తాను.