జిన్‌మి కథ ముందా, లాన్‌హువా కథ ముందా: ఏది మేలు?

చైనా పౌరాణిక ప్రేమకథా ధారావాహికలు కొత్తగా చూడడం మొదలుపెట్టిన బంధువులూ స్నేహితులూ నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: ‘యాషెస్ ఆఫ్ లవ్’ ముందు చూడాలా, ‘లవ్ బిట్వీన్ ఫెయిరీ అండ్ డెవిల్’ ముందు చూడాలా? ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన జవాబులు నాకే ఒకదానితో ఒకటి పొసగడం లేదనిపించి, ఈ వర్షాకాలంలో రెండింటినీ వెంటవెంటనే మొదటి నుంచి చివరి వరకు మళ్లీ చూశాను. అమ్మ పక్కన కూర్చుని చూసింది. ఆమెకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు చదవడం రాదు కనుక ప్రతి మాటనూ నేను తెలుగులో చెబుతూ వచ్చాను. అలా చెప్పవలసి రావడం వల్లనే రెండు కథల మధ్య తేడా ఎక్కడుందో నాకు స్పష్టమైంది.

ఈ రెండింటినే పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. 2018లో జియాంగ్సు టీవీలో వచ్చిన మొదటి కథలో నాయిక జిన్‌మి తనను ద్రాక్షపండు నుంచి పుట్టిన చిన్న జీవిననుకుని పెరుగుతుంది, నిజానికి ఆమె మంచుపువ్వు. 2022లో ఐచియి వేదిక మీద వచ్చిన రెండో కథలో నాయిక షియావో లాన్‌హువా ఆర్కిడ్ పువ్వు. ఇద్దరూ దేవలోకంలో ఎవరూ లెక్కచేయని చిన్న ప్రాణులుగానే మొదలవుతారు, ఇద్దరి అమాయకత్వమూ కథకు ఇంధనం. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండు కథల్లోనూ ప్రేమించే శక్తినే ఎవరో ముందుగా తీసివేసి ఉంటారు, ఒకదానిలో నాయిక నుంచి, మరొకదానిలో నాయకుడి నుంచి. ఏది మేలు అనే ప్రశ్నకు జవాబు నా దృష్టిలో ఈ ఒక్క అంశం దగ్గరే ఉంది.

నిడివి, హంగుల సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. మొదటిది 63 భాగాలు, రెండోది 36. ఒక్కో భాగం సుమారు ముప్పావు గంట కనుక, రోజుకు రెండేసి చూసేవారికి రెండోది 18 రోజుల్లో పూర్తవుతుంది, మొదటిది నెల దాటుతుంది. చిత్రణలో, గ్రాఫిక్స్‌లో, దుస్తుల్లో, కేశాలంకరణలో 2022 నాటి కథదే పైచేయి. నాలుగేళ్ల తేడా తెర మీద నలభై ఏళ్ల తేడాలా కనిపించే సన్నివేశాలు కూడా ఉన్నాయి. కళ్లకు ఇంపు ముఖ్యమనుకునేవారికి ఇక చర్చ అక్కరలేదు.

మన ప్రేమకథల్లో అడ్డం పడేది కులమో, ఆస్తో, తండ్రి పంతమో అయితే, ఈ షియన్‌షియా (దేవతలు, మంత్రశక్తుల చైనా) కథల్లో అడ్డం తరచుగా ఒక వస్తువో మంత్రమో అవుతుంది. మరపు కూడా వీటిలో సర్వసాధారణం. అది మనకు కొత్తది కాదు, శాపవశాన శకుంతలను మరచిన దుష్యంతుడి కథ వింటూ పెరిగినవాళ్లం. అయితే మరపు వేరు, ప్రేమ అంటే ఏమిటో తెలిసే అవకాశమే లేకపోవడం వేరు. మరచినవాడికి గుర్తుచేస్తే చాలు, ఉంగరం దొరికితే కథ దారిలో పడుతుంది. తెలియనివాడికి తెలియజెప్పడానికి ఏ ఉంగరమూ పనికిరాదు.

‘లవ్ బిట్వీన్ ఫెయిరీ అండ్ డెవిల్’లో ఆ స్థితి చంద్రవంశ ప్రభువు డాంగ్‌ఫాంగ్ చింగ్‌ట్సాంగ్‌ది. నరకాగ్నిని వశం చేసుకోవడానికి బాల్యంలోనే అతని సప్తభావాలనూ నరికివేశారు, అతని అంతరంగంలో ఒక చెట్టు ఎండి మోడై నిలిచి ఉంటుంది. హావోతియన్ గోపురంలో 30,000 సంవత్సరాలుగా బందీగా ఉన్న అతన్ని లాన్‌హువా పొరపాటున విడిపిస్తుంది, ఇద్దరికీ ఏకహృదయ బంధం పడుతుంది. ఆమెకు దెబ్బ తగిలితే అతనికీ తగులుతుంది, ఆమెకు దుఃఖం వస్తే ఆ దుఃఖం అతనికీ వస్తుంది. ఈ కల్పన ఎంత సుఖంగా పనిచేస్తుందో చెప్పాలంటే ఒక్క దృశ్యం చాలు: ఎక్కడో లాన్‌హువా ఏడుస్తుంటే, ముఖంలో ఒక్క కండరం కూడా కదలని ఆ ప్రభువు కళ్ల నుంచి నీళ్లు జారుతాయి, తన చెంప మీదికి ఏమి వచ్చి పడిందో అతనికే అర్థం కాదు. డిలన్ వాంగ్ ఇక్కడ ముఖాన్ని రాయిలా ఉంచి కళ్లతో మాత్రమే పని చేశాడు, అది తేలికైన నటన కాదు. అమ్మకు ఇక్కడ నేను ఒక్క మాటా చెప్పవలసిన అవసరం రాలేదు.

ఆ తర్వాత ఎండిన చెట్టుకు చిగుళ్లు కనిపించడం మొదలవుతుంది. బంధం ఉన్నంతకాలం ఆమెను కాపాడడం అతనికి తనను తాను కాపాడుకోవడమే కనుక, ఎక్కడ స్వార్థం తొలగి ప్రేమ మొదలైందో ప్రేక్షకుడికి తెలిపే కొలబద్ద ఆ చెట్టే. ఈ నిర్మాణం చాలా చక్కనిది. ప్రతి మార్పూ కంటికి కనిపిస్తుంది, ఏ మలుపు దగ్గరా సందేహం మిగలదు, అందుకే చాలామందికి ఈ కథ మీద అంత మమకారం. చైనా పేరు ‘త్సాంగ్ లాన్ జ్యుయె’లో మొదటి అక్షరం అతని పేరు నుంచి, రెండోది ఆమె పేరు నుంచి తీసుకున్నదే. కథ కూడా అదే పద్ధతిలో ఆ ఇద్దరి చుట్టూ దగ్గరగా అల్లుకుని, లూచెంగ్ పట్టణంలో వాళ్లు మామూలు మనుషుల మధ్య తిరిగే భాగాల్లో అన్నిటికన్నా అందంగా నడుస్తుంది.

‘యాషెస్ ఆఫ్ లవ్’ ఆ కొలబద్దను మన చేతికి ఇవ్వదు. జిన్‌మి పుట్టగానే తల్లి అయిన పుష్పదేవత, బిడ్డకు ప్రేమ వల్ల గండం ఉందని గ్రహించి, ప్రాణం పోయే ముందు ఆమెకు ఒక గుళిక మింగిస్తుంది. ఆ గుళిక లోపల ఉన్నంతకాలం ఆమెకు ప్రేమ తెలియదు. ఆ సంగతి జిన్‌మికి తెలియదు, ఆమెను ప్రేమించే ఇద్దరికీ మొదట తెలియదు, మనకు తెలుసు. అగ్నిదేవుడైన ఫీనిక్స్ షూఫెంగ్ గాయపడి ఆమె ఉన్న చోట పడితే కాకి అనుకుంటుంది. అతని వెంట దేవలోకానికి వెళ్లి సేవకురాలిగా చేరినా ఆమె మనసంతా ఎన్నేళ్ల తపశ్శక్తి సంపాదించవచ్చుననే లెక్క మీదనే ఉంటుంది. ఎవరైనా మేలు చేస్తే ఇన్నేళ్ల శక్తికి సమానమని లెక్క కడుతుంది. ‘తపశ్శక్తి’ అన్న మాట నేను అమ్మ కోసం ఎంచుకున్నదే, సబ్‌టైటిళ్లలోని మాటకు ఇంతకన్నా దగ్గరి పదం నాకు దొరకలేదు. “దీనికి అన్నీ కూలిలెక్కలేనా?” అంటూ అమ్మ మొదటి పదిహేను భాగాలూ నవ్వుతూనే చూసింది.

అయితే లెక్కలు కట్టే ఆ పిల్లే అతనికి ప్రమాదం వస్తే ముందూ వెనుకా చూడకుండా పరుగెత్తుతుంది, అతను కనిపించకపోతే ఎందుకో తెలియకుండా తిరుగుతుంది. అది ప్రేమా, కాదా? ఇక్కడ చిగురించే చెట్టు లేదు, ఆమెను అడిగితే కాదనే అంటుంది, అబద్ధం చెప్పడం ఆమెకు రాదు కూడా. ఆమె మాటకూ ఆమె చేతకూ మధ్య ఉన్న దూరాన్ని ప్రేక్షకుడే కొలుచుకోవాలి. నన్ను ఈ కథ వైపు నిలబెట్టింది ఇదే. యాంగ్ జీ ఈ దూరాన్ని ముఖంలో చూపించిన తీరు వల్లనే 63 భాగాలు భరించగలిగాను.

చూడనివారు ఈ పేరా దాటవేయవచ్చు. జిన్‌మి వివాహం, ఆమెను ప్రేమించే రెండోవాడైన రున్‌యూతో జరగబోయే రోజున, తన తండ్రిని చంపినది షూఫెంగే అని నమ్మిన ఆమె అతన్ని వెనుక నుంచి పొడుస్తుంది. ఎన్నడైనా తనను ప్రేమించావా అని అతను అడుగుతాడు. ఎన్నడూ లేదని ఆమె అంటుంది, తనకు తెలిసినంతలో అది నిజమే. అతను పోయిన తర్వాత ఆమె నోట నెత్తురుతో పాటు ఒక చిన్న పూస బయటపడుతుంది. తల్లి మింగించిన గుళిక అది. ఆ తర్వాత గుండెలో వచ్చే నొప్పికి పేరు తెలియక, తన మీద ఎవరో ప్రయోగం చేశారని ఆమె అనుకుంటుంది. ఆ మాటను నేను “చేతబడి చేశారనుకుంటోంది” అని అమ్మకు చెప్పాను. అమ్మ రిమోట్ తీసుకుని ఆపేసి, కొంతసేపటికి, “చేతబడి కాదే పిచ్చితల్లీ” అంది, నాతో కాదు, తెర మీది పిల్లతో. ప్రేమను ఒక జబ్బుగా, ఒక క్షుద్రప్రయోగంగా పొరబడిన మనిషి గొంతు అది. ఎండిన చెట్టు చిగురించడం చూసినప్పుడు కలిగిన సంతోషం నిజమైనదే, కానీ ఆ సంతోషం ఈ లోతుకు చేరదు.

ఈ లోతుకు రెండో కారణం రున్‌యూ. ఇలాంటి కథల్లో రెండో నాయకుడు సాధారణంగా ఓపికకు ప్రతిరూపంగా ఉండి, చివరికి పక్కకు తప్పుకుంటాడు. లాన్‌హువా కథలోని యుద్ధదేవుడు చాంగ్‌హెంగ్ అలాంటివాడే. జాంగ్ లింగ్‌హె ఆ పాత్రను హుందాగా నిలబెట్టాడు గానీ, అతను లేకపోయినా ఆ ప్రేమకథ నడుస్తుంది. రున్‌యూ లేకపోతే జిన్‌మి కథ లేదు. రాత్రి వేళ నక్షత్రాలను సర్దే సౌమ్యుడు, కలలు తినే జంతువు తప్ప తోడు లేనివాడు, బాల్యంలో కన్నతల్లే అతని డ్రాగన్ పొలుసులనూ కొమ్ములనూ కోసిందన్న గతం మోస్తున్నవాడు. అతని మీద జాలితో మొదలుపెట్టిన మనం, అతను సింహాసనం వైపు ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఆమెను కూడా గెలుచుకోవలసిన వస్తువుగా చూడడం ఆరంభించే సరికి ఎటూ తేల్చుకోలేకపోతాం. లువో యున్‌షీ గొంతు పెంచకుండా చేసిన ఈ మార్పు ఈ తరహా కథల్లో నేను చూసిన ఉత్తమ నటన. అమ్మ చివరి దాకా అతన్ని తిట్టలేకపోయింది, నేను తిట్టాను.

జిన్‌మి కథలో లోపాలు తక్కువేమీ కాదు. స్వర్గరాణి కుట్రలు ఒకే తీరుగా తిరిగి తిరిగి వస్తాయి, గుళిక బయటపడిన తర్వాత అపార్థాలను సాగదీశారు, చివరి పాతిక భాగాలను పదిహేనుకు కుదిస్తే కథ ఇంకా పదునెక్కేది. లాన్‌హువా కథలో ఇంత సాగదీత లేదు. అయితే చివరి మూడోవంతులో లోకాన్ని కాపాడే బాధ్యత ఒక్కసారిగా ఆ పిల్ల భుజాల మీద పడడంతో, లూచెంగ్ నాటి చనువూ చిలిపితనమూ వెనకబడతాయి. ఎస్తర్ యూ ముద్దుముద్దుగా పలికే తీరు మొదటి రెండు భాగాల్లో కొందరికి ఇబ్బందిగా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. మూడో భాగం నుంచి అది ఆ పాత్రకు అతికినట్టు సరిపోతుంది కనుక అంతవరకు ఓపిక పట్టమని కోరుతున్నాను.

మిగిలినవాటి గురించి కూడా అడుగుతుంటారు. 2017 నాటి ‘ఎటర్నల్ లవ్’ 58 భాగాలు. యాంగ్ మి, మార్క్ చావ్ నటించిన ఈ కథ ఈ తరహాను విదేశాలకు పరిచయం చేసినవాటిలో ముఖ్యమైనది, కానీ అక్కడి అడ్డం ప్రధానంగా మరపు కనుక నాకు రెండోసారి చూడాలనిపించలేదు. 2023 నాటి ‘టిల్ ది ఎండ్ ఆఫ్ ది మూన్’ 40 భాగాలు. డున్‌హువాంగ్ గుహల కుడ్యచిత్రాల స్ఫూర్తితో చేసిన దుస్తుల కోసమూ, లువో యున్‌షీ కోసమూ చూడదగ్గదే, విషాదం మోతాదు మాత్రం ఎక్కువ. లాన్‌హువా కథకు మూలమైన నవల రాసిన జియు లు ఫెయ్ షియాంగ్ రచన నుంచే 2024లో ‘ది లెజెండ్ ఆఫ్ షెన్ లీ’ వచ్చింది, పరిణతి చెందిన నాయికానాయకుల నిదానమైన ప్రేమ ఇష్టమైనవారు చూడవచ్చు.

ఇప్పుడు నేను అందరికీ ఒకే మాట చెబుతున్నాను. ఇదివరకు చైనా ధారావాహిక ఒక్కటీ చూడనివారు, పిల్లలతో కలిసి చూసేవారు, ఉద్యోగం నుంచి వచ్చి గంటసేపు మనసు తేలిక చేసుకోవాలనుకునేవారు లాన్‌హువా కథతో మొదలుపెట్టండి. లోకాలు, వంశాలు, మంత్రాలు అలవాటైన తర్వాత జిన్‌మి కథకు రండి. ఒకే ఒక్కటి చూసే తీరిక ఉన్నవారైతే నిడివికి జంకకుండా నేరుగా జిన్‌మి కథకే రండి. వచ్చినప్పుడు మొదటి భాగాన్ని వేగంగా తిప్పేయకండి. కొత్త పేర్లు గుప్పెడు ఒకేసారి వచ్చి పడడంతో చాలామంది అక్కడే తొందరపడతారు. ఆ పేర్లన్నీ మరచిపోయినా నష్టం లేదు. కన్నుమూసే ముందు ఒక తల్లి పసిబిడ్డ చేత గుళిక మింగించే ఆ కొద్ది నిమిషాలను మాత్రం చూడండి. ఆ తర్వాత జిన్‌మి “నాకేమీ అనిపించడం లేదు” అన్నప్పుడల్లా గుర్తుకు రావలసింది ఆ చేతులే.