రెండేళ్లు తొడిగాక చెబుతున్నా: లో-టాప్ కాన్వాస్ షూలో అందమెంత, సుఖమెంత

నల్ల కాన్వాస్, చుట్టూ తెల్ల రబ్బరు అంచు, చీలమండ కిందే ఆగిపోయే ఎత్తు. ఈ జత కొని రెండేళ్లు దాటింది. హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను, రోజుకు నాలుగు గంటలు నిలబడే పని. వారంలో నాలుగు రోజులు ఇవే తొడిగాను.

అందానికి వంక పెట్టలేను. జీన్స్ మీదికి సరే, పెళ్లిలో కుర్తా మీదికి కూడా నప్పాయి. ఈ తరహా షూ పుట్టింది బాస్కెట్‌బాల్ ఆటలో. కన్వర్స్ ఆల్ స్టార్ 1917లో చీలమండను కప్పే ఎత్తుతో వచ్చింది, 1957లో లో-కట్ తెచ్చారు. నాది వేరే కంపెనీది, పోలిక అదే. చెక్క కోర్టు మీద పరుగెత్తడానికి పుట్టిన చదును సోల్‌తో క్లాస్‌రూమ్ బండల మీద నిలబడితే మొదటి నెలలోనే సాయంత్రానికి మడమలు సలిపేవి.

చిన్నప్పటి నుంచి చెప్పులతో తిరిగిన పాదం నాది, ముందువైపు వెడల్పు. చిటికెన వేలి దగ్గర ఒరుసుకుని బొబ్బ లేచింది. ఒక సైజు పెద్దది తీసుకుంటే మడమ జారుతుంది. చివరికి వేళ్ల వైపు మొదటి జత రంధ్రాలు వదిలేసి లేసు కట్టాను, ఒత్తిడి తగ్గింది. మెత్తటి ఇన్‌సోల్ (షూ లోపల పాదం కింద పరిచే పొర) వేస్తే ఇంకో చిక్కు: షూ లోతు తక్కువ కదా, మడమ పైకి లేచి బయటికి వచ్చేస్తుంది. పలుచగా ఉండి, పాదం వంపు కింద ఆసరా ఇచ్చేదే పనికొచ్చింది. అది వేశాక మూడు గంటల వరకు హాయిగా ఉంటుంది. నాలుగో గంటకు మళ్లీ నొప్పే.

ఎండాకాలంలో తోలు కంటే కాన్వాస్ నయం, గాలి ఆడుతుంది. వానకు తడిస్తే మాత్రం ఆరడానికి రెండు రోజులు. అరిగిన సోల్‌తో ఖిలా వరంగల్‌లో తడి రాళ్ల మీద ఒకసారి జారాను, అప్పటి నుంచి ముసురు రోజుల్లో ఇవి తొడగడం లేదు.

ఏడాదిన్నరకు బొటనవేలి పక్కన రబ్బరు పట్టీ ఊడింది. చౌరస్తాలో చెప్పులు కుట్టే పెద్దాయన తిప్పి చూసి, "సార్, ఇది కుట్టరాదు, అతికియ్యాలె" అన్నాడు. నిజమే, ఇలాంటి వాటిలో రబ్బరును కాన్వాస్‌కు అతికించి, వేడిలో వల్కనైజ్ చేస్తారు, అంటే రబ్బరు గట్టిపడి పట్టుకునేలా కాలుస్తారు. అడిడాస్ స్టాన్ స్మిత్ వంటి తోలు షూలలో సోల్ గిన్నెలా పాదాన్ని పట్టుకుని, చుట్టూ కుట్టు ఉంటుంది. కాస్త బరువే, కానీ రోజంతా నిలబడేవాళ్లకు నేను చెప్పేది అలాంటివే.

ఇప్పుడు కాలేజీకి రన్నింగ్ షూ, ఆదివారం భద్రకాళి బండ్ మీద షికారుకు ఇవి. మళ్లీ ఈ రకమే కొంటాను. ఈసారి పాదం కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట వెళ్లి, దుకాణంలో పది నిమిషాలు నిలబడి చూశాకే డబ్బులు కడతాను.