గిట్‌కి కొన్నేళ్లు ప్యాచ్‌లు పంపాక: కమిట్ మెసేజ్‌ని ఇంత శ్రద్ధగా చదివే చోటు ఇంకోటి చూడలేదు

కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రగా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ గిట్. దాన్ని రోజూ వాడేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ గిట్‌ని తయారుచేసే ప్రాజెక్టులో చేరి ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో చేసిన మార్పులు, పంపేవాళ్లు మాత్రం నాకు తెలిసినవాళ్లలో తక్కువ. కొన్నేళ్లుగా ఆ పని చేస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. సోర్స్ ఎలా బిల్డ్ చేయాలి, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని చెప్పే 'సైన్డ్-ఆఫ్-బై' లైను ప్యాచ్ కింద ఎందుకు పెట్టాలి, మెయిల్‌లో ఎలా పంపాలి లాంటివన్నీ సోర్స్‌తో పాటే వచ్చే డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి. 'మై ఫస్ట్ కంట్రిబ్యూషన్' అనే పాఠం ఓపిగ్గా చదివితే దారి తెలిసిపోతుంది. నేను చెప్పాలనుకున్నది ఒకే విషయం: ఈ ప్రాజెక్టులో కమిట్ మెసేజ్‌ని, అంటే చరిత్రలో నమోదయ్యే ఒక్కో మార్పుకీ (కమిట్‌కీ) జతచేసే వివరణని, చదివే తీరు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరూ నేర్పనిది నాకు అక్కడ దొరికింది. అందుకే దాని మీద అంత ఇష్టం.

నా మొదటి ప్యాచ్ చాలా చిన్నది. గిట్ టెస్టులు ఎక్కువగా 'టీ' అనే ఫోల్డర్‌లో షెల్ స్క్రిప్టులుగా ఉంటాయి. కొన్ని పాత స్క్రిప్టుల్లో గిట్ కమాండ్ ఇచ్చే అవుట్‌పుట్‌ని నేరుగా పైపులోంచి గ్రెప్‌కి (కావాల్సిన లైను వెతికే కమాండ్‌కి) పంపి ఉంటారు. పైపు ఉన్నప్పుడు షెల్ చివరి కమాండ్ ఎగ్జిట్ కోడ్‌నే, అంటే అది సరిగ్గా ముగిసిందో లేదో చెప్పే సంఖ్యనే, చూస్తుంది. ముందున్న గిట్ అవుట్‌పుట్ ఇచ్చాక క్రాష్ అయినా సరే, గ్రెప్‌కి కావాల్సిన లైను దొరికితే టెస్టు పాస్ అయిపోతుంది. మనం పరీక్షిస్తున్నదే గిట్‌ని కదా, అది క్రాష్ అయినా టెస్టుకి తెలియకపోతే ఎలా? అందుకని అవుట్‌పుట్‌ని ముందు ఒక ఫైల్లోకి రాసి, తర్వాత ఆ ఫైల్లో గ్రెప్ చేయాలి. టెస్టుల ఫోల్డర్లోని రీడ్‌మీలో కూడా ఈ మాట రాసి ఉంది. కొత్తవాళ్లని ఓపెన్ సోర్స్ పనిలోకి తెచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, ఔట్రీచీ కార్యక్రమాలకు దరఖాస్తు చేసేవాళ్లకి చేయి తిరగడానికి సూచించే మైక్రోప్రాజెక్టుల్లో ఇలాంటి పనులు ఉంటాయి.

ప్రాజెక్టులో మిగతావాళ్లు ప్యాచ్ చదివి మెయిల్‌లో అభిప్రాయం చెప్తారు, అదే రివ్యూ. నా రివ్యూలో కోడ్ గురించి ఒక్క వాక్యమే వచ్చింది, బాగుందని. మిగతా జవాబంతా మెసేజ్ గురించే. పైపు తీసి ఫైలు పెట్టిన సంగతి డిఫ్ (పాత, కొత్త కోడ్‌ల తేడా) చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఇప్పుడున్న కోడ్‌తో ఇబ్బంది ఏమిటి, ఆ ఇబ్బంది నిజంగా ఎప్పుడు బయటపడుతుంది, దాన్ని ఈ పద్ధతిలోనే ఎందుకు సరిచేశావు అన్నవి మెసేజ్‌లో ఉండాలన్నారు. అదే ఫైల్లో పాత పద్ధతిలో ఉన్న ఇండెంటేషన్‌ని కూడా సర్దాను. ఆ సర్దుబాటుని విడదీసి ముందు ఒక ప్యాచ్‌గా పెట్టమన్నారు. పదేళ్ల తర్వాత ఎవరైనా ఈ లైను ఎందుకు మారిందని వెతికితే, స్పేసుల మార్పు మధ్యలో అసలు కారణం కనిపించకుండా పోకూడదన్నది వాళ్ల ఆలోచన.

ఈ పద్ధతికి నియమాలు ఉన్నాయి, అవి 'సబ్మిటింగ్ ప్యాచెస్' అనే ఫైల్లో రాసి పెట్టారు. మొదటి లైనులో ఏ భాగం మారుతోందో చెప్పి, కోలన్ పెట్టి, యాభై అక్షరాలకు అటూ ఇటూగా విషయం చెప్పాలి. చివర ఫుల్‌స్టాప్ ఉండదు. లోపల ముందుగా ఇప్పటి పరిస్థితిని వర్తమాన కాలంలో వివరించాలి. తర్వాత కోడ్‌కి ఆజ్ఞ ఇస్తున్నట్టు, ఇలా మార్చు అని రాయాలి. వేరే దారులు ఆలోచించి వదిలేసి ఉంటే వాటినీ, ఎందుకు వదిలేశావో కూడా చెప్పాలి. చదువుతుంటే ఇదంతా చాదస్తంలా అనిపించవచ్చు. రాయడం మొదలుపెట్టాక నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, మెసేజ్ సరిగ్గా కుదరనప్పుడు చాలాసార్లు లోపం ప్యాచ్‌లోనే ఉంటుంది. ఎందుకో చెప్పలేకపోతున్న మార్పుని పక్కన పెట్టేయడం అలవాటైంది.

2018లో గిట్ 2.19తో వచ్చిన రేంజ్-డిఫ్ అనే కమాండ్ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. కలిపి పంపే ప్యాచ్‌ల వరసని సిరీస్ అంటారు; పాత సిరీస్‌కీ కొత్త సిరీస్‌కీ తేడా ఏమిటో చూపించే కమాండ్ ఇది. కొత్త వెర్షన్ పంపినప్పుడు కవర్ లెటర్ (సిరీస్‌ని పరిచయం చేసే మెయిల్) కింద దీన్ని జోడిస్తారు. కోడ్‌లో మార్పులతో పాటు మెసేజ్‌లో మార్చిన వాక్యాలు కూడా ఇందులో కనిపిస్తాయి. అంటే రివ్యూ చేసేవాళ్లు నా వాక్యాల తేడాలను కూడా కోడ్ తేడాలు చూసినంత జాగ్రత్తగా చూస్తారు. మన ఆఫీసుల్లో పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు కలుపుకోండనే విన్నపం) అప్రూవ్ అయ్యాక, 'ఫిక్స్', 'ఫిక్స్ 2' అని రాసిన కమిట్లన్నీ కలిపి మెర్జ్ చేసేయడం అలవాటైన నాకు ఇది కొత్త లోకం.

దీని విలువ పూర్తిగా అర్థమైంది మాత్రం ఫైలు పేరు మార్చే 'గిట్ ఎంవీ' కమాండ్ మీద పని చేస్తున్నప్పుడు. అది ఇచ్చే ఒక ఎర్రర్‌ని ఇంకొంచెం స్పష్టంగా చేద్దామని ఆ ఫైలు తెరిచాను. గమ్యంలో అదే పేరుతో ఇప్పటికే ఫైలు ఉందా అని చూసేచోట, రెండు పేర్లూ ఒకటేనా అని పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా పోల్చే ఒక షరతు ఉంది. నా లినక్స్ మెషీన్‌లో దాని ప్రయోజనం ఏమిటో ఎంత చూసినా అంతుపట్టలేదు. ఒక్కో లైనుని చివరగా మార్చిన కమిట్ ఏదో చూపే గిట్ బ్లేమ్ నడిపితే 2014 నాటి కమిట్ వచ్చింది. మెసేజ్ తెరిచి చదివాను.

అందులో అంతా ఉంది. అక్షరాల పెద్దా చిన్నా తేడా పట్టించుకోని ఫైల్ సిస్టమ్‌లో, ఒక ఫైలు పేరులో మొదటి అక్షరాన్ని మాత్రం చిన్నదాని నుంచి పెద్దదానికి మార్చబోతే, గమ్యం ఇప్పటికే ఉందని గిట్ ఎర్రర్ ఇచ్చేది. ఫైల్ సిస్టమ్ దృష్టిలో ఆ రెండు పేర్లూ ఒకే ఫైలు కాబట్టి. పేరు సరిచేసుకోవాలంటే ఫోర్స్ ఆప్షన్ ఇవ్వాల్సి వచ్చేది. ఆ అవసరం లేకుండా చేయడానికే ఆ షరతు. మ్యాక్, విండోస్ వాడేవాళ్లకి అది తరచూ ఎదురయ్యే సమస్య. లినక్స్ మీద కూర్చున్న నాకు ఎన్నటికీ ఎదురు కాదు. రాసిన మనిషిని నేను అడగలేదు, అడగాల్సిన అవసరమూ రాలేదు. ఇన్నేళ్ల తర్వాత వచ్చి ఇదే ప్రశ్న వేసేవాడు ఒకడుంటాడని ఊహించి జవాబు రాసిపెట్టినట్టుంది. పొలం కొనేముందు లింక్ డాక్యుమెంట్లు తిరగేస్తే హక్కు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వరసగా కనిపిస్తుందే, గిట్ చరిత్రలో ఒక్కో లైను వెనక అలాంటి వరస ఉంది. ఏ షరతూ దిక్కులేకుండా పడిలేదు.

ఇంకో సంతోషం కూడా చెప్పాలి. ఈ ప్రాజెక్టులో పాత కమిట్‌ని ప్రస్తావించడానికి ఒక పద్ధతి ఉంది: కుదించిన హ్యాష్ (కమిట్‌ని గుర్తించే కోడ్), ఆ తర్వాత బ్రాకెట్లో మొదటి లైను, తేదీ. 2020 జనవరిలో వచ్చిన 2.25 నుంచి దాన్ని ముద్రించడానికి 'రిఫరెన్స్' అనే ప్రెటీ ఫార్మాట్ కూడా ఉంది. ఒకరోజు ఎవరో కొత్తగా చేరినవాళ్లు ఇంకో టెస్టు ఫైల్లో పైపులు తీసేస్తూ, కారణం పలానా కమిట్‌లో వివరించినట్టే అని రాశారు. అది నా కమిట్. నేను తిప్పలు పడి, రివ్యూ తర్వాత తిరగరాసిన ఆ నాలుగు వాక్యాలు ఇంకొకరికి ఆధారమయ్యాయి. కొత్త వెర్షన్ ప్రకటనలో మొదటిసారి కంట్రిబ్యూట్ చేసినవాళ్ల పేర్లు వేస్తారు. అందులో నా పేరు చూసినప్పటి కన్నా ఈ ప్రస్తావన చూసినప్పుడే ఎక్కువ పొంగిపోయాను.

ఇక ఇబ్బందుల సంగతి. మెయిల్‌లో ప్యాచ్ పంపడం కష్టమని అందరూ అంటారు, నిజానికి గిట్ సెండ్-ఈమెయిల్ ఒకసారి సెట్ చేసుకుంటే దాని గురించి మళ్లీ ఆలోచించక్కర్లేదు. నాకు చిక్కు వచ్చింది అప్పటి ఆఫీసు మెయిల్‌తో. కంపెనీ అనుమతి తీసుకుని వాళ్ల మెయిల్ ఐడీతోనే పంపాలనుకున్నాను. వాళ్ల సర్వరు బయటికి వెళ్లే ప్రతి మెయిల్‌నీ హెచ్‌టీఎంఎల్ చేసి, కింద గోప్యత గురించిన పేరా అతికిస్తుంది. గిట్ ప్రాజెక్టు మెయిల్స్ నడిపే సర్వరు మామూలు టెక్స్ట్ మాత్రమే తీసుకుంటుంది. ప్యాచ్ ఎక్కడా కనిపించకపోయేసరికి టెన్షన్ పడ్డాను. ఐటీ వాళ్లని అడిగితే అది పాలసీ, మార్చలేం అన్నారు. చివరికి సొంత జీమెయిల్ నుంచి యాప్ పాస్‌వర్డ్‌తో పంపాను. రచయిత ఐడీ వేరు, పంపే ఐడీ వేరు అయితే సెండ్-ఈమెయిల్ తనంతట తానే మెయిల్ మొదట్లో 'ఫ్రమ్' లైను చేరుస్తుంది, కమిట్‌లో ఆఫీసు ఐడీయే నిలుస్తుంది. ఇదంతా వద్దనుకునేవాళ్లకి గిట్‌గిట్‌గాడ్జెట్ ఉంది. గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెట్టి ఒక కామెంట్ రాస్తే అదే ప్యాచ్‌లుగా మార్చి పంపుతుంది. అయితే రివ్యూలకు జవాబు మాత్రం మెయిల్‌లోనే ఇవ్వాలి. పుల్ రిక్వెస్ట్ కింద రాసిన జవాబు అవతలివాళ్లకి చేరదు.

నేను పైన పొగిడిన రివ్యూకి ఇంకో వైపు ఉంది. అంత లోతుగా చదవాలంటే మనుషులు కావాలి, వాళ్లు తక్కువ. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ మొదలుపెట్టి, కొన్ని నెలల్లోనే జునియో హమానోకి అప్పగించారు. అప్పటి నుంచి ప్యాచ్‌లను కలిపే మెయింటెయినర్ హమానోయే. ప్యాచ్ ముందు 'సీన్' అనే బ్రాంచ్‌లోకి (కోడ్‌కి ఒక విడి శాఖ), తర్వాత 'నెక్స్ట్'లోకి, చివరికి 'మాస్టర్'లోకి వెళ్తుంది. ఏది ఎక్కడుందో 'వాట్స్ కుకింగ్' అనే నివేదికలో తరచూ వస్తుంటుంది. నేను ఒకసారి కొంచెం పెద్ద సిరీస్ పంపాను, ఒక కమాండ్ టెస్టులనూ డాక్యుమెంటేషన్‌నూ కలిపి సర్దేది. సరిగ్గా అప్పుడే రిలీజ్ క్యాండిడేట్లు (కొత్త వెర్షన్‌కి ముందు పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్లు) మొదలయ్యాయి. ఆ రోజుల్లో అందరి దృష్టీ కొత్తగా వచ్చిన బగ్గుల మీదే ఉంటుంది, ఉండాలి కూడా. రిలీజ్ అయ్యాక గుర్తు చేశాను. నివేదికలో నా సిరీస్ పక్కన రివ్యూ కోసం ఎదురుచూస్తోందన్న మాటే వస్తూ పోయింది, కొన్నాళ్లకి అదీ జాబితాలోంచి వెళ్లిపోయింది. బాగోలేదని ఎవరూ అనలేదు. బాగుందని అనడానికీ ఎవరికీ తీరిక దొరకలేదు. ఎవరూ చదవని ప్యాచ్‌ని కలపకపోవడం సరైన పద్ధతేనని ఇప్పుడూ నమ్ముతాను. ఆ నెలల్లో మాత్రం మనసు చాలా కష్టపడింది.

ఆ తర్వాత నేనే ఇతరుల ప్యాచ్‌లు చదవడం మొదలుపెట్టాను. కొత్తవాళ్లు కూడా చదవొచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. ఒక ప్యాచ్‌ని నిజంగా నడిపి చూసి, మెసేజ్‌లో చెప్పింది జరుగుతోందో లేదో పరీక్షించి జవాబు రాయాలంటే ఒక సాయంత్రం గడిచిపోతుంది. మనుషులు ఎందుకు తక్కువో అప్పుడు అర్థమైంది. ఆగిపోయిన నా సిరీస్‌లో టెస్టుల భాగాన్ని మాత్రం విడదీసి చిన్నగా చేసి మళ్లీ పంపితే త్వరగానే లోపలికి వెళ్లింది. డాక్యుమెంటేషన్ భాగం ఇంకా నా దగ్గరే ఉంది.

భాష గురించి కూడా చెప్పాలి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. కోడ్ రాయడానికి గంట పడితే మెసేజ్‌కి రెండు సాయంత్రాలు పట్టిన సందర్భాలు ఉన్నాయి. నా ఇంగ్లీషుని అక్కడ ఎవరూ చులకన చేయలేదు, వాక్యం ఎలా ఉంటే బాగుంటుందో తిరగరాసి చూపించినవాళ్లు ఉన్నారు. వాళ్లకి 'హెల్ప్డ్-బై' అని కింద పేరు వేసే సంప్రదాయమూ ఉంది. అయినా ఇంగ్లీషులో చదివి పెరిగినవాళ్లకి లేని బరువు ఇది. మెసేజ్ మీద ఇంత పట్టు ఉన్న ప్రాజెక్టులో ఆ బరువు ఎక్కువే. నేను కుదుర్చుకున్న దారి: ముందు నాలో నేను తెలుగులో చెప్పుకోవడం, ఏం ఇబ్బంది, ఎవరికి, ఎప్పుడు అని. అది తేలాక ఇంగ్లీషు అంత కష్టమనిపించదు.

మిగతావాళ్లకి సిఫారసు చేస్తానా అంటే, అది వాళ్ల పరిస్థితిని బట్టి ఉంటుంది. నాకు హైదరాబాద్‌లో మధ్యాహ్నం మొదలయ్యే షిఫ్టు. రాత్రి ఇంటికొచ్చేసరికి అమెరికా, యూరప్‌లలో ఉన్నవాళ్ల జవాబులు వచ్చి ఉంటాయి, అప్పుడు ఇంట్లో అందరూ పడుకుని ఉంటారు. కాంట్రాక్టులో బయటి కోడ్ గురించి ఉన్న షరతుకి మేనేజరు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. చిన్న పిల్లలున్న ఇంట్లో, ఉదయం షిఫ్టు చేసేవాళ్లకి ఇంత కుదురుతుందని చెప్పలేను. గిట్ ఎక్కువగా రాసి ఉన్న సీ భాషని రోజూ ముట్టనివాళ్లు టెస్టుల నుంచి మొదలుపెట్టొచ్చు, షెల్ వస్తే చాలు. త్వరగా పని అయిపోవాలని, రెజ్యుమేలో వేసుకోవాలని వచ్చేవాళ్లు మాత్రం ఒక్క ప్యాచ్‌కే అలసిపోతారు. నా షిఫ్టు మారే మాట కూడా ఆఫీసులో నడుస్తోంది, ఉదయానికి మారితే రివ్యూలు ఇప్పటిలా చేయలేకపోవచ్చు. మిగిలిపోయిన ఆ డాక్యుమెంటేషన్ ప్యాచ్‌లని మాత్రం రాబోయే రిలీజ్ అయ్యాక, ఒక్కొక్కటిగా పంపుదామనుకుంటున్నాను.