చత్వారం వయసులో ఎటు వెళ్తే మేలు?

నలభై దాటాక దగ్గరున్న అక్షరం మసకబారి, దూరంగా ఉన్న బోర్డు మాత్రం బాగానే కనిపిస్తుంటే చత్వారం వచ్చిందంటాం. సంస్కృతంలో నలభైని చెప్పే చత్వారింశత్ నుంచి వచ్చిన పేరది. నాకు కంటికంటే ముందు మనసుకొచ్చింది. మస్కట్‌లో 19 ఏళ్ళుగా అకౌంట్స్ ఉద్యోగం, బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు, అప్పుల్లేని ఇల్లు. ఏం తక్కువైందని ఎవరైనా అడిగితే చెప్పలేను. జీతం పడినట్టు మెసేజ్ వస్తే చూసి ఫోన్ బోర్లా పెట్టేస్తాను, అంతే.

ఇది నా ఒక్కదాని గొడవ కాదట. డేవిడ్ బ్లాంచ్‌ఫ్లవర్ అనే ఆర్థికవేత్త వందకు పైగా దేశాల లెక్కలు పోగేసి, మనిషి సంతోషం 47, 48 ఏళ్ళ దగ్గర అడుగంటుతుందని 2020లో రాశాడు. ఆ లెక్కతో పేచీ పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మా అమ్మయితే ఒక్క ముక్కలో తేల్చేసింది: "ముందు థైరాయిడ్ చూపించుకో పాపా." (మా చిత్తూరు వైపు నలభై ఏడేళ్ళ ఆడమనిషి కూడా పాపే.) నవ్వాను గానీ, ఆమె అన్నదే సరైంది. నెలసరి ఆగబోయే ముందు వచ్చే చికాకు, నిద్రలేమి కూడా అచ్చం వైరాగ్యంలాగే ఉంటాయి. రెండు వారాలకు పైగా ఏ పనీ చేయబుద్ధి కాకుండా, బతుకే వద్దనిపిస్తుంటే మాత్రం ఏ కొండా ఎక్కొద్దు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి, లేదా 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఆ ప్రభుత్వ లైనులో తెలుగులోనే మాట్లాడొచ్చు.

నా రక్తపరీక్షలు బాగానే వచ్చాయి. అందుకని సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో దారీ తొక్కి చూశాను.

మొదట అరుణాచలం. తిరుపతి నుంచి చిత్తూరు, వేలూరు మీదుగా బస్సు. ఒక రాత్రి, ఒక పగలు చాలు. చెప్పుల్లేకుండా 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ. పౌర్ణమి నాడు వెళ్తే కొండకంటే ముందు నడిచేవాళ్ళ వీపులే ఎక్కువ కనిపిస్తాయి. నేను ఆ తప్పే చేశాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి, మనసు తేలికపడింది, ఆ తేలిక తిరుగు బస్సు చిత్తూరు దాటేదాకా ఉంది. చలం 1950లో విజయవాడ వదిలి అక్కడికి వెళ్ళేసరికి యాభై దాటినవాడే. 1979లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. మనం శనివారం వెళ్ళి సోమవారానికి ఆఫీసులో కూర్చుని, ఆయనకు దొరికింది మనకెందుకు దొరకలేదంటే ఎట్లా? యాత్రగా అయితే మంచిదే.

తర్వాతి ఏడాది విపశ్యన అనే మౌన ధ్యానం. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న కేంద్రంలో 10 రోజులు. ఫీజు లేదు, చివర్లో తోచింది ఇస్తే తీసుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. ఫోను, పుస్తకం, పెన్ను, మాట అన్నీ బంద్. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే పని. ఆ తర్వాత గంటసేపు కదలకుండా కూర్చోవాలి. జీవితానికి అర్థమేదో తెలుస్తుందని వెళ్ళానా, నాకు గుర్తొచ్చిందల్లా 2004లో మా ఆడబిడ్డ అడిగి తీసుకెళ్ళి తిరిగివ్వని గాజుల జత. మూడు రోజులు అవే గాజులు. ఆరో రోజుకు గాజులు పోయి మోకాళ్ళ నొప్పి మిగిలింది, అది నయమనిపించింది.

పనిచేస్తుంది, అబద్ధం చెప్పను. బుర్రలో రణగొణ ఎక్కువైనవాళ్ళకు దీన్ని మించింది లేదు. మానసిక సమస్యకు మందులు వాడుతుంటే దరఖాస్తులో దాచకూడదు. నాకొచ్చిన చిక్కు వేరు. మా ఆయనది షిఫ్టు డ్యూటీ, కొడుకు హాస్టల్లో. మస్కట్ ఫ్లాటులో నాకు మౌనానికి కరువేమీ లేదు. పరాయి దేశంలో ఒంటరితనంతో వేగలేక వచ్చినవాళ్ళకు ఇంకో పది రోజుల మౌనం ఎందుకు?

పెరటి చెట్టు మందుకు రాదని, తిరుమలను అన్నిటికంటే ఆఖరికి పెట్టాను. మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. పేరు బైరాగిదే గానీ ఉండేదంతా సంసారులమే. డాబా ఎక్కితే కొండ కనిపిస్తుంది. టీటీడీ 2000లో మొదలుపెట్టిన శ్రీవారి సేవకు ఆన్‌లైన్లో స్లాటు తీసుకున్నాను. ఏడు రోజులు, బస అక్కడే, జీతం లేదు. హాలులో పడక, పక్కవాళ్ళ గురక, స్నానానికి తెల్లారకముందే వరస. నాకు తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వడ్డన పడింది. నాలుగు హాళ్ళు, ఒక్కోదానిలో వెయ్యి మంది కూర్చుంటారు. వెంగమాంబదీ పాత చిత్తూరు జిల్లానే. తరిగొండలో ఇల్లు వదిలి కొండెక్కేసిన మనిషి.

నా చేతికి రసం బకెట్టు ఇచ్చారు. మూడో రోజుకు కుడి భుజం పైకి లేవలేదు. వరసలో వంగి నడుస్తుంటే మొహాలు కనిపించవు, ఆకులూ చేతులే కనిపిస్తాయి. వద్దనుకున్నవాళ్ళు ఆకు మీద అరచెయ్యి అడ్డం పెడతారు. గోరింటాకు ఇంకా వెలవని చెయ్యి, సిమెంటుకు పగిలిన చెయ్యి, గుండు మీద గంధం పూసుకున్న పిల్లాడి బుల్లి చెయ్యి. "చాలమ్మా" అంటారు. ఇన్నేళ్ళలో నేను చేసిచ్చిన ఒక్క రిపోర్టుకు కూడా ఎవరూ చాలు అనలేదు, ఇంకో కాలమ్ పెట్టమనే అన్నారు. ఆ మాట కోసం ఇంకో బకెట్టు నింపుకొచ్చేదాన్ని. అర్థం సంగతి ఆ వారంలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

కాబట్టి వీటిలో ఏది మేలంటే నా ఓటు సేవకే, మోకాళ్ళూ భుజాలూ సహకరిస్తే.

ఇక నాలుగో దారి, ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేయడం. సెలవు ఊపులో ఈ నిర్ణయం తీసుకోకండి. మా వీధిలో ఎవరు ఎదురైనా "ఎప్పుడొచ్చినావు పాపా, ఎప్పుడు పోతావు?" అని ఒకే గుక్కలో అడుగుతారు. రెండోదానికి జవాబు లేదంటే ఉద్యోగం ఊడిందా అన్నట్టు చూస్తారు. ముందు జీతం లేని సెలవు పెట్టి మూడు నెలలు ఉండి చూడాలి. అకౌంటెంటుగా ఇంకో ముక్క: ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు నిండితే పన్ను లెక్కలో మామూలుగా ఎన్నారై కాకుండా రెసిడెంటు కిందికి వస్తాం, ఇక్కడి ఆదాయం బాగా ఉన్నవాళ్ళకు ఆ గడువు ఇంకా తక్కువ.

నేనూ ఆ మూడు నెలలే తీసుకున్నాను. రెండో వారంలోనే ఫ్రిజ్‌లో పాత కూరల గురించి అమ్మతో పోట్లాట. "వెయ్యి మందికి వడ్డించి వచ్చినావంట, నా కంచంలో ఇంత రసం పొయ్యి" అంటుంది, ఎగతాళిగానే. వడియాలు పెట్టాం, బీరువా సర్దాం, బ్యాంకు నామినీ కాగితాలు పూర్తిచేశాం. ఇవాళ ఆమె రవికెకు హుక్కు కుట్టాలి. సూదిలో దారం ఎక్కించడానికి ఇంట్లో పనికొచ్చే కళ్ళజోడు ఒక్కటే ఉంది, వంతులు వేసుకుంటున్నాం.