యూఎస్‌బీ టర్న్‌టేబుల్ రివ్యూ: ఎల్పీలకు ఓకే, 78లకు ముల్లు వేరే కొనుక్కోవాలి

ముందే చెప్పేస్తున్నా. ఎల్పీలు (నిమిషానికి 33 చుట్లు తిరిగే వినైల్ రికార్డులు) వినడానికీ, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికీ ఈ టర్న్‌టేబుల్, అంటే రికార్డ్ ప్లేయర్, పర్వాలేదు, పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. కానీ అట్టపెట్టె మీద 33, 45, 78 అని మూడు వేగాల అంకెలూ (రికార్డు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క) ఒకే సైజులో అచ్చేసి, లోపల మాత్రం మొదటి రెండిటికి సరిపోయే ముల్లే పెట్టారు. మీ దగ్గరున్నవన్నీ సినిమా ఎల్పీలే అయితే ఇక్కడితో చదవడం ఆపేసి కొనుక్కోవచ్చు. ఇంట్లో 78లు, అంటే ఎల్పీలకు ముందు కాలపు లక్క రికార్డులు, ఉన్నవాళ్ళు, ముఖ్యంగా వాటిని నలుగురికీ పంచాలనుకునేవాళ్ళు, కాస్త ఓపిక పట్టండి.

కంపెనీ పేరు రాయట్లేదు, రాసినా పెద్దగా ఉపయోగం లేదు. పది వేల లోపు దొరికే ఈ బాపతు యంత్రాలు రకరకాల పేర్లతో ఉన్నాయి, మూత రంగు మారుతుంది గానీ లోపలి సరుకు చాలావాటిలో ఒకటే. బెల్టుతో తిరిగే పళ్ళెం, సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు అదురుని శబ్ద సంకేతంగా మార్చే ముక్క), ముందు భాగంలో రెండు చిన్న స్పీకర్లు, యూఎస్‌బీ వైరు, 45ల మధ్యలో పెద్ద కన్నానికి ఒక ప్లాస్టిక్ బిళ్ళ. బిగించుకోవడం తేలికే.

స్పీకర్ల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు, మొబైల్ కంటే ఒక మెట్టు పైన, అంతే. పైగా అవి ముల్లు ఉన్న పెట్టెలోనే ఉండటం వల్ల సౌండ్ పెంచితే ఆ అదురు ముల్లుకి తగులుతుంది. అందుకని రికార్డ్ చేసేటప్పుడు వాల్యూమ్ పూర్తిగా తగ్గించేయండి, వినాలంటే వెనకున్న అవుట్‌లోంచి ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కి కలుపుకోండి, అప్పుడు ఘంటసాల ఘంటసాలలా వినిపిస్తాడు.

స్పీడు కొంచెం ఎక్కువ తిరుగుతుంది. మామూలుగా వినేవాళ్ళకి తెలియదు గానీ, హార్మోనియం పక్కన పెట్టుకుని శ్రుతి చూసుకునేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. అడుగున రబ్బరు మూత కింద రెండు బుల్లి స్క్రూలు ఉన్నాయి, వాటిని చిన్న స్క్రూడ్రైవర్‌తో ఒక పిసరు తిప్పితే దారికొస్తుంది, మాన్యువల్‌లో మాత్రం ఈ ముక్క లేదు. ఇంకోటి, సిరామిక్ కార్ట్రిడ్జ్ కాబట్టి ముల్లు రికార్డు మీద ఐదు గ్రాముల దాకా బరువు పెడుతుంది. ఖరీదైన టర్న్‌టేబుళ్ళలో మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లు రెండు గ్రాముల చుట్టుపక్కలే పని కానిచ్చేస్తాయి. అపురూపంగా దాచుకున్న ఎల్పీని రోజూ దీని మీద తిప్పొద్దు. ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, ఆ తర్వాత ఫైలే వినండి.

ఇక పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా రికార్డ్ చేసే బటన్ ఉంది చూశారూ, దాని జోలికి పోకండి. 128 కేబీపీఎస్ ఎంపీత్రీ చేసి పెడుతుంది, తర్వాత శుభ్రం చేద్దామన్నా అందులో ఏమీ మిగలదు. యూఎస్‌బీ వైరు కంప్యూటర్‌కి పెట్టి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో రికార్డ్ చేసుకోండి. నిమిషానికి దాదాపు పది ఎంబీ అవుతుంది, అయితే అవనివ్వండి, హార్డ్‌డిస్కులు ఇప్పుడు చవకే.

ఇప్పుడు 78ల సంగతికొద్దాం.

ఎల్పీ గాడి సన్నం, 78 గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్థం సుమారు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, 78కి కావాల్సింది సుమారు 76, అంటే నాలుగు రెట్లు. ఈ యంత్రంతో వచ్చే సన్న ముల్లుని 78 మీద పెడితే అది గాడి గోడలని పట్టుకోదు, అడుగున డెబ్భై ఏళ్ళ దుమ్ములో పొర్లుతుంది. పద్యం వినిపిస్తుంది, దాని వెనకాల పకోడీలు వేగుతున్న చప్పుడూ వినిపిస్తుంది. కస్టమర్ కేర్ చాట్‌లో 78 ముల్లు సంగతి అడిగితే అవతలి అబ్బాయి ఎంతో మర్యాదగా "సర్, మీ రికార్డు పాడై ఉండొచ్చు, కొత్తది ట్రై చేయండి" అన్నాడు. కొత్త 78 ఎక్కడ అమ్ముతున్నారో కూడా చెప్పి ఉంటే వాళ్ళకి ఇంకో స్టార్ ఇచ్చేవాణ్ణి.

ఎల్పీలు బాగా పాడుతున్నాయిగా, 78ల గురించి ఇంత గొడవ ఎందుకంటారా? పంచుకోవడానికి విలువైన సరుకంతా అక్కడే ఉంది కాబట్టి. 1970ల సినిమా ఎల్పీని కష్టపడి ఎక్కించి గ్రూపులో పెట్టామనుకోండి, అదే పాట సారెగమ వాళ్ళ దగ్గర ఇంతకంటే శుభ్రంగా ఉంటుంది, ఎవరికీ కొత్తగా ఒరిగేదేమీ లేదు. కానీ నాటకాల పద్యాలు, హరికథలు, బుర్రకథలు, ఖద్దరు పాటలు, దేశభక్తి గీతాలు, అవి ఎక్కువగా వచ్చింది 78 కాలంలో. మద్రాసులో పాడించి, కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో హెచ్‌ఎంవీ ఫ్యాక్టరీలో అచ్చు కొట్టించి, రైళ్ళలో మన ఊళ్ళకి పంపిన సరుకు అది. మన దేశంలో 1960లలో కూడా 78లు వస్తూనే ఉన్నాయి, అందుకే పాత ఇళ్ళ అటకల మీద ఇప్పటికీ కట్టలు కట్టలు కనిపిస్తాయి. చాలావాటికి నెట్‌లో కాపీ లేదు. ఒక్కో వైపు మూడు నిమిషాలు, అంతే. ఆ మూడు నిమిషాలు మీరు ఎక్కించకపోతే ఇంకెవరో ఎక్కిస్తారన్న గ్యారంటీ లేదు.

మేమంతా రికార్డులు పంచుకునే వాట్సాప్ గ్రూపులో "రాజకీయాలు నిషిద్ధం" అని పైనే రాసి ఉంటుంది. అడ్మిన్ మాస్టారు మంచివారే, ఆయన బాధ నాకు అర్థమవుతుంది, పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్యలోంచి ఎవరో ఒకరు ఆర్టీసీ ఫ్రీ బస్సు మీద ఒక ముక్క విసురుతారు, మధ్యాహ్నానికి రాష్ట్ర అప్పులు, సాయంత్రానికి రాజధాని, రాత్రికి ఇద్దరు గ్రూపులోంచి లెఫ్ట్. కానీ రికార్డులని పెట్టుకుని రాజకీయం వద్దంటే ఎలా కుదురుతుంది? ఖద్దరు కట్టమని పాడిన పాట రాజకీయం కాకపోతే మరేమిటి? రామారావు గారి పౌరాణిక డైలాగుల ఎల్పీ ఒకటి పెట్టి చూడండి, పదో మెసేజ్‌కల్లా 1984 ఆగస్టులో ఆయన్ని గద్దె దించిన సంగతి, ఇరవయ్యో మెసేజ్‌కల్లా 1995 ఆగస్టులో మళ్ళీ దించిన సంగతి వచ్చేస్తాయి. దుర్యోధనుడి సంగతి ఎవరికీ గుర్తుండదు.

అన్నిటికంటే పెద్ద రభస "మా తెలుగు తల్లికి" రికార్డుతో అయింది. టంగుటూరి సూర్యకుమారి పాడినది. శంకరంబాడి సుందరాచారి ఆ పాటని 1942లో వచ్చిన దీనబంధు సినిమా కోసం రాశారనీ, అందులో పెట్టలేదనీ చెబుతారు. సినిమాలో లేని పాట రికార్డుతో ఊరూరా పాకి, చివరికి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం అయి కూర్చుంది. ఇది పెట్టగానే వరంగల్ అన్న ఒకాయన "ఇది మీ పాట, మాది కాదు, మా గీతం అందెశ్రీ గారిది" అన్నాడు. నిజమే, 2024లో "జయ జయహే తెలంగాణ"ని తెలంగాణ ప్రభుత్వం అధికారికంగా రాష్ట్ర గీతం చేసింది. ఆ మాట మీద గుంటూరు బాబాయి గారొకరు లేచి "తల్లిని కూడా పంచుకుంటారా" అన్నారు. ఇంకేముంది, ముల్కీ నిబంధనలు, పెద్దమనుషుల ఒప్పందం, 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం, అన్నీ వరసగా దిగాయి. మధ్యలో ఒకావిడ, చాలా అరుదుగా మాట్లాడే మనిషి, "పాడిన అమ్మాయి ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు, ఆవిడ గొంతు ఎంత బాగుందో ఒక్కరైనా విన్నారా అసలు?" అని అడిగింది. ఎవరూ విన్నట్టు లేదు. వినకపోవడానికి సగం కారణం ఈ యంత్రంతో వచ్చిన ముల్లే అని నా అభిప్రాయం, ఎందుకంటే నేను పెట్టిన మొదటి కాపీలో గొంతు కంటే గరగరే ఎక్కువ. వరంగల్ అన్న చెప్పిందాంట్లో తప్పేమీ లేదని కూడా నా అభిప్రాయం, ఒక పాటని ఇష్టపడటం వేరు, దాన్ని ప్రభుత్వ సభలో నిలబడి పాడాల్సి రావడం వేరు. గుంటూరు బాబాయి గారు ఇది చదివితే నాకు ఫోన్ చేస్తారు, చేయనివ్వండి.

78 ముల్లు వేరేగా కొన్నాను. ఈ రకం కార్ట్రిడ్జ్‌కి సరిపోయేది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కాస్త వెతకాలి, మార్చడం చేత్తోనే అయిపోతుంది, పాతదాన్ని ముందుకి లాగి కొత్తది నొక్కడమే. తేడా మామూలుగా లేదు. దానితో పాటు ఆడాసిటీలో రెండు చానళ్ళనీ కలిపి మోనో చేయండి. 78 గాడిలో శబ్దం అడ్డంగా మాత్రమే చెక్కి ఉంటుంది, ముల్లు పైకీ కిందకీ ఎగిరినప్పుడు వచ్చే చప్పుడు రెండు చానళ్ళలో ఎదురెదురుగా పడుతుంది కాబట్టి కలిపేసరికి చాలా భాగం కొట్టుకుపోతుంది, ఫైలు కూడా సగం అవుతుంది. నాయిస్ రిడక్షన్ మాత్రం చిటికెడు చాలు, ఎక్కువ వాడితే పాడే మనిషి నీళ్ళలో మునిగి పాడుతున్నట్టు తయారవుతుంది.

రికార్డు కడగటం గురించి కూడా ఒక మాట, మాన్యువల్‌లో "ఆల్కహాల్ క్లీనర్‌తో తుడవండి" అని గుడ్డిగా రాసేశారు. ఎల్పీ వినైల్, దాన్ని పలచగా కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవచ్చు. 78 లక్కతో చేసినది, ఆల్కహాల్ తగిలితే కరిగిపోతుంది. శానిటైజర్ కూడా ఆల్కహాలే, మర్చిపోకండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, లేబుల్ తడవకుండా, మెత్తటి గుడ్డతో గాడి తిరిగిన వైపే తుడవండి. ఆరబెట్టేది నీడలో. బెజవాడ ఎండలో బాల్కనీలో పెట్టిన ఎల్పీ అప్పడంలా లేస్తుంది, దాన్ని మళ్ళీ చదును చేసే తేలికైన మంత్రం నా దగ్గరైతే లేదు.

పంచేటప్పుడు నేను పాటించే పద్ధతి ఒకటుంది, ఈ గొడవల వల్లే అలవాటైంది. పాటైనా ప్రసంగమైనా ముక్క కోసి పెట్టను, ముల్లు ఆనిన చప్పుడు దగ్గర్నుంచి చివరిదాకా ఒక వైపు మొత్తం పెడతాను. పాత నాయకుల గొంతులో ఇరవై సెకన్ల ముక్క ఒకటి వదిలితే చాలు, రెండు రోజుల్లో దానికి ఎవరో ఒక శీర్షిక తగిలించి, ఆయన అననిది అన్నట్టు మనకే తిరిగి ఫార్వర్డ్ చేస్తారు. లేబుల్ ఫొటో తప్పనిసరి. 78 లేబుల్ మీద సాధారణంగా సంవత్సరం ఉండదు, కేటలాగ్ నంబరూ, లేబుల్ పక్కన నల్లటి భాగంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరూ ఉంటాయి, అవి రెండూ ఫొటోలో కనపడాలి, తెలిసినవాళ్ళు వాటిని బట్టే కాలం తేలుస్తారు. నా రాజకీయ అభిప్రాయం ఏదైనా ఉంటే అది వేరే మెసేజ్‌లో, నా పేరు మీద. వాట్సాప్‌లో వీడియోగా చేసి పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

కాపీరైట్ సంగతి అడిగేవాళ్ళుంటారు. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. 1955లో వచ్చిన రికార్డు మీద అది 2015తో అయిపోయింది. కానీ రాసినవారి హక్కు వేరే, అది వారు పోయాక ఇంకో 60 ఏళ్ళు నడుస్తుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి "దేశమును ప్రేమించుమన్నా" సాహిత్యంతో ఇబ్బంది లేదు, శంకరంబాడి వారు 1977లో పోయారు కాబట్టి "మా తెలుగు తల్లికి" సాహిత్యం ఇంకా హక్కుల్లోనే ఉంది. నలుగురు స్నేహితుల మధ్య వినడం వేరు, వీడియో సైటులో పెట్టి ప్రకటనల డబ్బు తీసుకోవడం వేరు, ఆ రెండోది చేయాలనుకునేవాళ్ళు ముందు ఇవి చూసుకోండి.

రేటింగ్ అంటే ఎల్పీలకు ఐదుకి మూడున్నర, ఉన్న ముల్లుతో 78లకు ఒకటి, ముల్లు మార్చాక మూడు. ఇద్దరు ముగ్గురు కలిసి డబ్బులు వేసుకోగలిగితే మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఉన్న, హెడ్ (కార్ట్రిడ్జ్ బిగించే కొస) మార్చుకునే వీలున్న టర్న్‌టేబుల్ ఒకటి కొనుక్కుని వంతులవారీగా వాడుకోండి, అది దీనికంటే నయం. ఒక్కరే కొంటుంటే ఇదే తీసుకుని 78 ముల్లుకి ఆ రోజే ఆర్డర్ పెట్టేయండి, వీలైతే రెండు, స్టాక్ ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు నెలల తరబడి ఉండదు. బెల్టుకి వారంటీ లేదు, బిల్లు వెనకాల చిన్న అక్షరాల్లో రాశారు.